మారేటప్పుడు వెంట వచ్చేదేమిటి?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు చదివితే చాలు, మన సాఫ్ట్‌వేర్ చరిత్ర సగం తెలిసిపోతుంది. వైటూకే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్, తర్వాత జావా, శాప్, టెస్టింగ్, ఆపైన డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. బోర్డు మారినప్పుడల్లా పదేళ్ల అనుభవమున్న ఇంజనీరు కూడా మారదామా వద్దా అని ఊగిసలాడతాడు. మారడం దానంతటది కెరీర్‌ను పెంచదు, ముంచదు. పాత అనుభవంలో ఎంత భాగం కొత్తచోటా చెల్లుతుందన్నదే అసలు లెక్క.

ఆండర్స్ హైల్స్‌బర్గ్ సంగతే చూడండి. 1983లో బోర్లాండ్ అమ్మిన టర్బో పాస్కల్ కంపైలర్ ఆయన రాసిందే. డెల్ఫీ ముఖ్య రూపకర్తా ఆయనే. 1996లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లాక సీ షార్ప్ రూపొందించారు, 2012లో టైప్‌స్క్రిప్ట్ తెచ్చారు. కంపెనీ మారింది, భాషలు మారాయి, డెస్క్‌టాప్ వెనకబడి వెబ్ ముందుకొచ్చింది. పని మాత్రం నలభై ఏళ్లుగా ఒకటే: ప్రోగ్రామర్లకు భాషలు, కంపైలర్లు తయారుచెయ్యడం. అంతటి ప్రతిభ అందరికీ ఉంటుందా అంటే ఉండదు. అయితే మామూలు ఉద్యోగాల్లోనూ జరిగేది ఇదే. ఫ్లాష్‌కు అడోబీ 2020 డిసెంబరు 31తో మద్దతు ఆపేసింది. అందులో వాడిన యాక్షన్‌స్క్రిప్ట్‌కూ జావాస్క్రిప్ట్‌కూ ఆధారం ఒకే ప్రమాణం. ఫ్లాష్ తెలిసినవారు వెబ్ ఫ్రంటెండ్‌కు వస్తే కొత్తగా నేర్వాల్సింది ఉన్నా, పాతదంతా వృథా కాదు. వాళ్లే డేటా సైన్స్‌కు దూకితే గణాంకశాస్త్రం ఓనమాల దగ్గర మొదలెట్టాలి.

అలాగని పాతదాన్నే పట్టుకు వేలాడమంటారా అనొచ్చు. అక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, వాటిని చూసే పాత మెయిన్‌ఫ్రేమ్‌ల భాష కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని అమెరికాలోని న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ పిలుపునిచ్చారు. కోబాల్‌కు చావులేదని చెప్పేవాళ్లు దీన్ని ఉదాహరిస్తుంటారు. ఆయన అడిగింది స్వచ్ఛంద సేవకుల్ని అన్న సంగతి మాత్రం ఎత్తరు! కొరత ఉన్నచోటల్లా జీతం ఉండదు. బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసినవారి అసలు ఆస్తి కోబాల్ కాదు. రాత్రిపూట బ్యాచ్‌లో ఏ లెక్క ఎక్కడ తేలుతుందో, తేలకపోతే ఎక్కడ వెతకాలో తెలియడం. అదే బ్యాంకు వ్యవస్థను క్లౌడ్‌కు తరలించే జట్టులో చేరితే ఆ తెలివిడికి గిరాకీ ఉంటుంది. గేమ్స్ తయారుచేసే కంపెనీలో దానికి విలువ లేదు.

ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితంలో రెండేళ్లు వెనకబడితే ఏమైందన్నది ఇంకో వాదన. పాతికేళ్ల వయసులో నేనూ ఒప్పుకుంటాను. నలభై రెండేళ్లకు ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు ఉంటాయి; 'రెలవెంట్ ఎక్స్‌పీరియన్స్ ఎంత' అని హెచ్‌ఆర్ అడిగితే సున్నా అని చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ వయసులో పూర్తిగా కొత్త విభాగమే కావాలంటే, ముందు ఉన్న కంపెనీలోనే అడగడం మేలు. బయటివాళ్లు రెజ్యూమేలో మొదటి పేజీ చూసి పక్కన పెట్టేస్తారు. లోపలి మేనేజరుకైతే నిరుడు ప్రొడక్షన్ పడిపోయిన రాత్రి దాన్ని నిలబెట్టిందెవరో గుర్తుంటుంది.