కోడి వెనుక రాజ్యం

రామ్ గోపాల్ వర్మ ‘రక్తచరిత్ర’ (2010) వాస్తవగాథ అని ఊరూరా చాటింపు వేశారు. చిలకలూరిపేటలో సాహిత్యపాఠాలు చెప్పుకునే నాకు అందులో రక్తమే దొరికింది, చరిత్ర దొరకలేదు.

అనంతపురం జిల్లాలో భూమికోసం పేదల పక్షాన నిలిచిన పరిటాల శ్రీరాములు 1975లో హతుడయ్యాడు. కుమారుడు రవి 2005లో హత్యకు గురయ్యాడు. ముప్పయ్యేళ్ల ఈ నెత్తుటికి మూలాలు భూమి, అధికారం. దర్శకుడు వాటిని మరుగుపరచి పగనే కథానాయకుణ్ణి చేశాడు. చంపినవాడి కసి తెలుస్తుంది. చంపించిన వ్యవస్థ తెలియదు.

కారెంపూడిలో ఏటా వీరులను కొలుచుకునే పల్నాటివాళ్లం మేము. పల్నాటియుద్ధం కోడిపందెంవల్లనే వచ్చిందంటే నమ్ముదామా? కోడి వెనుక రాజ్యభాగం ఉంది. చీకటిని చూపితే చాలదు. ఆ చీకటి ఎవరికి లాభించిందో అడగని చిత్రాన్ని వాస్తవికమని ఎలా ఒప్పుకుంటాం?