ప్రాణరక్షణకు అనుమతి దేనికి?

2024 జూన్ 30న ఇండొనేసియాలోని యోగ్యకర్తలో ఆసియా జూనియర్ బ్యాడ్మింటన్ పోటీలు జరుగుతున్నాయి. మిశ్రమ జట్ల విభాగంలో చైనా, జపాన్ తలపడుతున్నాయి. తొలి గేమ్‌లో స్కోరు 11-11 వద్ద ఉండగా, చైనాకు చెందిన 17 ఏళ్ల ఝాంగ్ ఝిజీ కోర్టులో ఉన్నట్టుండి కుప్పకూలాడు. సాయం చేయబోయిన ఒకరు ముందుకు అడుగు వేసి, అధికారుల వైపు చూసి ఆగిపోయిన దృశ్యాన్ని ప్రపంచమంతా వీడియోలో చూసింది. ఆ రాత్రే ఆసుపత్రిలో ఆ బాలుడు హృదయస్తంభనతో మరణించాడని వైద్యులు ధ్రువీకరించారు. రిఫరీ పిలిచిన తరువాతే వైద్యులు కోర్టులోకి వెళ్లాలన్న నిబంధననే పాటించామని ఆతిథ్య సమాఖ్య వివరణ ఇచ్చింది.

ఆ వివరణే ఆందోళన కలిగిస్తోంది. ఆట మధ్యలో బయటివారు ప్రవేశించరాదన్న నియమానికి సహేతుక కారణం ఉంది. గాయం సాకుతో విశ్రాంతి తీసుకునే ఎత్తుగడలను అరికట్టడానికి అది అవసరం. అయితే మడమ బెణికి కూర్చున్న ఆటగాడికీ, స్పృహ తప్పి పడిపోయిన ఆటగాడికీ ఒకే పద్ధతిని వర్తింపజేయడం యాంత్రికత. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం మొదలుపెట్టకపోతే, డీఫిబ్రిలేటర్ షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం మేర తగ్గుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. సత్వర సాయం అందితే ఏం జరుగుతుందో కూడా లోకం చూసింది. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో యూరో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతూ పడిపోయిన క్రిస్టియన్ ఎరిక్సన్‌కు మైదానంలోనే షాక్ ఇచ్చారు. ఆయన కోలుకొని మరుసటి ఏడాది తిరిగి పోటీల్లో దిగారు. షటిల్‌లోనూ ఇలాంటి విషాదం కొత్త కాదు. ఎరిక్సన్ పడిపోయిన రెండు రోజులకే, 2008 ఒలింపిక్ డబుల్స్ స్వర్ణ విజేత, ఇండొనేసియాకు చెందిన మార్కిస్ కిడో షటిల్ ఆడుతూ కుప్పకూలి 36 ఏళ్లకే కన్నుమూశారు.

ఇది ఎక్కడో దూరదేశపు విషాదమని తెలుగువారు అనుకోవడానికి వీల్లేదు. 2012లో ఇదే ఆసియా జూనియర్ పోటీల్లో పి.వి. సింధు సింగిల్స్ స్వర్ణం గెలిచారు. అప్పటి నుంచి నేటి వరకూ షటిల్ మన మధ్యతరగతి ఇళ్లలో ఒక ఆశగా స్థిరపడింది. పట్టణాల శివార్లలో, అపార్టుమెంట్ల పక్క ఖాళీ స్థలాల్లో రేకుల షెడ్లు వెలిశాయి. గాలి తగిలితే షటిల్ దారి తప్పుతుంది కనుక కిటికీలు మూసేస్తారు, ఫ్యాన్లు ఆపేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో, సరిగ్గా వేసవి సెలవుల పోటీల కాలంలో, ఆ రేకుల కింద వేడి ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. సింగిల్స్‌లోనూ డబుల్స్‌లోనూ పేరిచ్చిన పిల్లలు ఒకే రోజు మూడు నాలుగు మ్యాచ్‌లు ఆడటం సాధారణం. నమోదు బల్ల దగ్గర జనన ధ్రువపత్రం అడుగుతారు, ప్రవేశ రుసుము వసూలు చేస్తారు. గత వారం జ్వరం వచ్చిందా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించారా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినిపించదు.

ఆ రెండు ప్రశ్నలూ నామమాత్రమైనవి కావు. యువ క్రీడాకారుల హఠాన్మరణాల వెనుక తరచు కనిపించేవి పుట్టుకతో వచ్చిన గుండె కండర లోపాలు, గుండె విద్యుత్ వ్యవస్థలోని దోషాలు, వైరల్ జ్వరాల అనంతరం గుండె కండరానికి వచ్చే వాపు. మొదటి రెండింటిలో కొన్నిటిని ఈసీజీ పట్టిస్తుంది. మూడోదానికి విశ్రాంతే రక్షణ. జ్వరం తగ్గీ తగ్గకముందే, ర్యాంకింగ్ పాయింట్లు పోతాయన్న బెంగతో బిడ్డను కోర్టుకు తీసుకెళ్లే తల్లిదండ్రులు ఈ సంగతి గ్రహించాలి. శిక్షకులు మరింతగా గ్రహించాలి.

ఇలాంటి మరణాలు అరుదన్నది వాస్తవమే. ఈసీజీ పరీక్ష అన్ని లోపాలనూ పట్టుకోలేదు. ఆరోగ్యవంతులను అనుమానితులుగా చూపే ప్రమాదమూ ఉంది. అనుభవం గల వైద్యులు చదివితేనే దాని ఫలితానికి విలువ. అయినా పోటీ క్రీడల్లో పాల్గొనేవారికి ముందస్తు గుండె పరీక్షను ఇటలీ 1982 నుంచి తప్పనిసరి చేసి అమలు చేస్తోంది. అంతటి వ్యవస్థను రేపే నిర్మించడం మనకు సాధ్యం కాకపోవచ్చు. కానీ పరీక్ష చేయలేకపోవడం వేరు, పడిపోయిన పిల్లవాడి దగ్గరకు వెళ్లే ఏర్పాటు చేయకపోవడం వేరు. మొదటిది వనరుల సమస్య, రెండోది బాధ్యతారాహిత్యం.

2025 అక్టోబరులో ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్‌కు గువాహటి ఆతిథ్యమిచ్చింది. అంతకు ముందు 2008లో పుణేలో జరిగిన అదే పోటీల్లో సైనా నెహ్వాల్ విజేతగా నిలిచారు. అంతర్జాతీయ పోటీలకు వేదికలు సమకూర్చగలుగుతున్న దేశం, జిల్లా పోటీలకు ఒక వైద్య బృందాన్ని సమకూర్చలేనంటే నమ్మేదెవరు?

స్పృహ తప్పిన ఆటగాడి వద్దకు ఎవరి సైగ కోసమూ ఆగకుండా వైద్యులు చేరుకోవచ్చని అంతర్జాతీయ, జాతీయ క్రీడా సమాఖ్యలు తమ నిబంధనల్లో నిస్సందిగ్ధంగా రాయాలి. అంపైర్లకూ, లైన్ జడ్జీలకూ, శిక్షకులకూ సీపీఆర్ శిక్షణ తప్పనిసరి చేయాలి. రాష్ట్రాల క్రీడా, వైద్య యంత్రాంగాలు సమన్వయంతో కోర్టులను తనిఖీ చేయాలి. గాలి, వెలుతురు, అత్యవసర ద్వారం లేని షెడ్లలో పిల్లల పోటీలు జరగనివ్వరాదు. జూనియర్ టోర్నమెంటుకు అనుమతి కోరే దరఖాస్తులో డీఫిబ్రిలేటర్ ఎక్కడ ఉంచుతారో, దాన్ని వాడటం తెలిసిన వ్యక్తి ఎవరో, అంబులెన్సు ఏ ద్వారం వద్ద ఆగుతుందో నిర్వాహకులు రాసి సంతకం చేయాలి. ఆ వివరాలు లేని దరఖాస్తును స్థానిక యంత్రాంగం తిరస్కరించాలి. రానున్న వేసవి పోటీలకు ముందే ఈ ఆదేశం వెలువడాలి.