ఒక్క ఒత్తు కోసం ఆగిపోయిన సినిమా

తెనాలి నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. వాళ్ళ ఊళ్ళో వాల్‌పోస్టరు మీద సినిమా పేరులో ఒత్తు ఎగిరిపోయిందట. "కోట్లు పోసి సినిమా తీసేవాళ్ళకి ఒక్క ఒత్తు పెట్టించడం చేతకాదా?" అని మండిపడ్డాడు.

బాబూ, మన దగ్గర ఒత్తు పోతే నీలాంటి భాషాభిమాని ఉత్తరం రాసి ఊరుకుంటాడు. ఒత్తు ఉన్నందుకు ఏకంగా ప్రభుత్వమే సినిమాని ఆపేసిన కథ ఒకటుంది. వింటావా?

దేశం పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్. సినిమా 1977లో వచ్చిన 'చెడ్డో'. (మన 'చెడ్డ'కీ దానికీ చుట్టరికం లేదు లెండి!) తీసినవాడు ఉస్మాన్ సెంబేన్.

ఈ సెంబేన్ ఒకప్పుడు ఫ్రాన్సులో మార్సే రేవులో మూటలు మోసిన కూలీ. ఫ్రెంచిలో నవలలు రాశాడు, పేరూ వచ్చింది. కానీ ఎవరి కష్టాలు రాశాడో వాళ్ళలో చాలామందికి ఫ్రెంచి చదవడం రాదు. మరేం లాభం? నలభయ్యో పడికి దగ్గరపడ్డ వయసులో మాస్కో వెళ్ళి సినిమా నేర్చుకున్నాడు. సినిమా అంటే జనానికి రాత్రిబడి అనేవాడు. 1968లో జనం మాట్లాడుకునే వొలోఫ్ భాషలో 'మండబి' తీశాడు. మండబి అంటే మనీయార్డరు. పారిస్ నుంచి మేనల్లుడు పంపిన డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మోసపోయే ఒక అమాయకుడి కథ. మనకి తెలియని కథా అది?

తర్వాత 1975లో 'ఖాలా'. స్వాతంత్ర్యం వచ్చాక గద్దెనెక్కిన పెద్దమనుషులు తెల్లదొర ఇచ్చిన నోట్ల బ్రీఫ్‌కేసులు అందుకుంటారు. వాళ్ళలో ఒకాయన కారు రేడియేటర్లో పోయడానికి కూడా ఫ్రాన్సు సీసా నీళ్ళే కావాలి! సెన్సారు కత్తెర ఆడించింది. సెంబేన్ ఏం చేశాడనుకున్నారు? ఏయే సీన్లు పోయాయో కరపత్రం వేసి ప్రేక్షకులకి పంచిపెట్టాడు!

ఇక 'చెడ్డో'. కొత్త మతంలోకి మారమంటే ససేమిరా అన్న జనం ఇందులో రాజుగారి కూతుర్ని ఎత్తుకుపోతారు. ఇమాం సింహాసనం ఎక్కుతాడు. చివరికి ఆ రాకుమారే తుపాకీ అందుకుని ఇమాంని కాలుస్తుంది. దేశంలో అత్యధికులు ముస్లింలు. మతపెద్దల మాటకి రాజకీయాల్లో బరువెక్కువ. అయినా ప్రభుత్వం మతం మాట ఎత్తలేదు. వొలోఫ్‌ని రోమన్ లిపిలో రాస్తారు. "పేరులో రెండు 'డి'లున్నాయి. మా ఉత్తర్వు ప్రకారం ఒకటే ఉండాలి" అంది. అంటే మన లెక్కలో డకి ఒత్తు తీసెయ్యమని!

అప్పటి అధ్యక్షుడు సెంగోర్ సామాన్యుడు కాడు. మహాకవి. ఒకప్పుడు ఫ్రాన్సులోనే పాఠాలు చెప్పిన వ్యాకరణం మేష్టారు. చరిత్రకారుడూ ప్రతిపక్ష నాయకుడూ అయిన షేక్ అంతా జోప్ నడిపిన 'సిగ్గి' పత్రికకి కూడా ఇదే ఒత్తు తగాదా వచ్చి, పేరు మార్చుకోవలసి వచ్చింది. మేష్టారి ఎర్రసిరా ఎవరెవరి మీద పడిందో చూశారుగా!

ఈ కథ మొదటిసారి తెలిసినప్పుడు నాకు సెంబేన్ మీదే కోపం వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఒక్క అక్షరం తీసేస్తే పోయేదేముంది? అంతమంది కష్టం డబ్బాల్లో మగ్గాలా? తర్వాత ఆలోచిస్తే తెలిసింది. సెంబేన్ తన భాషని తన జనం పలికినట్టు రాశాడు. ఆ పలుకు తప్పని ఒప్పుకున్నాక రాత్రిబడిలో ఇక చెప్పే పాఠమేముంది? పైగా ప్రభుత్వం ఫ్రెంచి నవలలకి బెదరలేదు. చదువురానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మకి బెదిరింది.

సెంబేన్ ఒత్తు తియ్యలేదు. సెంగోర్ 1980 చివర్న పదవి దిగిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి గానీ 'చెడ్డో' సొంతగడ్డ మీద ఆడలేదు. 2007లో సెంబేన్ కన్నుమూశాడు. సినిమా పేరులో రెండు 'డి'లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

కాబట్టి తెనాలి తమ్ముడూ, ఒత్తు పోతే తప్పకుండా అడుగు. కానీ అధికారంలో ఉన్నవాడు ఒత్తు గురించి పట్టుబడితే మాత్రం, ఆ ఒత్తు వెనకాల ఏ సీను దాక్కుందో కూడా చూడు.

అన్నట్టు, ఇంతకీ ఆ పోస్టరు ఏ సినిమాదో రాయడం మరిచిపోయావు!