తెల్లదోమ ‘విల్’ కాదు, ‘మైట్’!

“ఒరేయ్, డాలస్ బాబుకి ఇంగ్లిష్‌లో ఓ మెసేజ్ కొట్టు” అని బాబాయి ఫోన్ నా చేతికిచ్చాడు. పర్చూరు దగ్గర బాబాయి కౌలుకి చేసే నాలుగెకరాలు ఆ బాబువాళ్లవే. అక్కడే పుట్టి పెరిగాడు, తెలుగు చదవడం రాదు.

బాబాయి చెప్పింది ఇదీ: “ఈసారి పత్తి వేస్తున్నా. తెల్లదోమ మళ్లీ వచ్చినా రావచ్చు. అలా జరిగితే కౌలు కాస్త తగ్గించుకోండి.”

నేను టకటకా ‘వైట్‌ఫ్లై విల్ కమ్ బ్యాక్’ అని పంపేశా. తెల్లారేసరికి జవాబు: వస్తుందని తెలిసీ పత్తి ఎందుకు, పొలం ఇంకొకరికి ఇస్తాం అని!

తప్పు నాదే. ‘విల్’ అంటే వచ్చి తీరుతుందని. బాబాయి అన్న ‘వచ్చినా రావచ్చు’కి ‘మైట్ కమ్ బ్యాక్’ సరిపోతుంది. అవకాశం కొంచెం గట్టిగా ఉందనుకుంటే ‘మే కమ్ బ్యాక్’. బాగానే ఉందంటే ‘మే వెల్ కమ్ బ్యాక్’. దారి ఉంది, జరగొచ్చు అంతే అంటే ‘కుడ్’. అన్నట్టు, మనం తెగ వాడే ‘రిటర్న్ బ్యాక్’ తప్పు. రిటర్న్‌లోనే బ్యాక్ ఉంది కదా!

బాబాయి భయం ఊరికే పుట్టలేదు. 1980ల్లో మన గుంటూరు, ప్రకాశం పత్తిలో తెల్లదోమ విరుచుకుపడింది. ఆకు వెనక చేరి రసం పీల్చేది, ఆకంతా జిగురు, దాని మీద నల్ల బూజు. పైరిత్రాయిడ్ మందులు మళ్లీ మళ్లీ కొడితే దోమని తినే మిత్రపురుగులు చచ్చాయి, దోమ ఇంకా పెరిగింది. ఇలా మందు కొట్టాక పురుగు అంతకు ముందుకన్నా ఎక్కువై తిరిగి రావడానికి ఇంగ్లిష్‌లో ఓ మాట ఉంది: ‘రిసర్జెన్స్’. 1987-88లో అప్పులు తీర్చలేక ప్రకాశం జిల్లాలో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. బాబాయి అప్పుడు పదో తరగతి. ఆ ఏడాది సంగతి ఎత్తితే ఇప్పటికీ మాట మార్చేస్తాడు. 2021లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మాత్రం, “ఇది దానికి చెల్లెలురా” అన్నాడు.

ఇంత చరిత్ర వాట్సాప్‌లో ఏం పెడతాం? “సారీ, ఐ మెంట్ మైట్” అని మొదలుపెట్టి, వచ్చినా రాకపోయినా పంట వేస్తామని, వస్తేనే కౌలు మాట్లాడుకుందామని రాశా.

బ్లూ టిక్కులు పడ్డాయి. పొద్దుట్నుంచి బాబాయి నాలుగుసార్లు అడిగాడు, “ఏమన్నాడ్రా?” అని.