ఖాతా మూసిన చెయ్యి కారణం ఎందుకు దాస్తున్నది?

మా వాడల్లో ఈమధ్య ఒక కొత్త మాట తిరుగుతున్నది. ‘సిస్టం తీసుకోవట్లేదు.’ వారం రోజులు ఎండలో మట్టి తవ్విన కూలి డబ్బులు పడ్డాయని ఫోనుకు మెసేజి వస్తుంది. బ్యాంకుకు పోతే ఖాతా ఆగిపోయిందంటారు. ఎందుకు ఆగిందని అడిగితే ‘సిస్టం తీసుకోవట్లేదమ్మా, వచ్చే వారం రా’ అంటారు. వచ్చే వారం పోతే ఆధార్ జెరాక్స్ తెమ్మంటారు. తెచ్చి ఇచ్చాక మళ్లీ వచ్చే వారం. ఒక రోజు బ్యాంకుకు పోతే ఒక రోజు కూలి పోయినట్టే. ఆటో చార్జీలు అదనం. తన డబ్బులు తాను తెచ్చుకోవడానికి ఆ తల్లి నాలుగు రోజుల కూలి పోగొట్టుకున్నది. ఆ నాలుగు రోజుల్లో ఆమెకు కాగితం మీద ఒక్క ముక్క రాసిచ్చినవాడు లేడు.

అదే వాడలో పుట్టి, హాస్టల్లో చదివి, పట్నంలో చిన్న ఉద్యోగం పట్టిన మా పిల్లవాడి సంగతి ఇంకో రకం. ఒక బ్యాంకు వాళ్లే ఫోన్ల మీద ఫోన్లు చేసి క్రెడిట్ కార్డు అంటగట్టారు. రెండేళ్లు వాడాడు. చెల్లెలి నర్సింగు ఫీజు దాంతోనే కట్టాడు. నాయన ఆపరేషనుకు మందులు దాంతోనే కొన్నాడు. ఒక్క నెల కూడా బిల్లు గడువు దాటనివ్వలేదు. ఒక పొద్దున మెసేజి వచ్చింది, మీ కార్డు ఖాతా మూసివేశాం అని. ఫోను చేస్తే ‘బ్యాంకు అంతర్గత విధానం ప్రకారం’ అన్నారు. ఆ విధానం ఏందని అడిగితే ‘అది చెప్పడానికి లేదు సార్’ అన్నారు. బ్రాంచికి పోతే కార్డుల విభాగం వేరు, మాకు సంబంధం లేదన్నారు. మెయిలు పెడితే, పేరు మార్చి ఎవరికైనా పంపగల జవాబు ఒకటి వచ్చింది.

ఒకరిది సర్కారు బ్యాంకు, ఒకరిది ప్రైవేటు బ్యాంకు. ఒకరు వేలిముద్ర వేసే మనిషి, ఒకరు ఇంగ్లీషులో మెయిలు రాయగల మనిషి. ఇద్దరికీ దొరికిన జవాబు ఒక్కటే: చెప్పం. ఈ ‘చెప్పం’ గురించే మేం ఇవాళ మాట్లాడదలచుకున్నాం.

పిలిచింది వాళ్లు, వెళ్లగొట్టేదీ వాళ్లే

బ్యాంకు గడప ఎక్కనిమ్మని మేం ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. 1969 జూలై 19న 14 బ్యాంకుల్ని, 1980లో మరో 6 బ్యాంకుల్ని జాతీయం చేసినప్పుడు ఇవి ఇక జనం బ్యాంకులన్నారు. 1975లో గ్రామీణ బ్యాంకులు పెట్టారు. అయినా మా దాకా వచ్చింది ఎంత? ఎస్సీ కార్పొరేషన్‌లో సబ్సిడీకి పేరు ఎంపికైనా, బ్యాంకు మేనేజరు అంగీకార పత్రం మీద సంతకం పెట్టక గేదె రాని ఇళ్లు, ఆటో రాని ఇళ్లు ఏ వాడకు పోయినా కనిపిస్తాయి.

తర్వాత సర్కారే పిలిచింది. 2005లో నో ఫ్రిల్స్ ఖాతాలన్నారు. 2012లో బేసిక్ సేవింగ్స్ ఖాతాలన్నారు. 2014 ఆగస్టు 28 నుంచి జనధన్ అన్నారు. ఊరూరా క్యాంపులు పెట్టి, ఫోటోలు దిగి, పాసు పుస్తకాలు పంచారు. కూలి ఖాతాలోనే, గ్యాసు సబ్సిడీ ఖాతాలోనే, పిల్లల స్కాలర్‌షిప్పు ఖాతాలోనే అన్నారు. 2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే పడాలని తప్పనిసరి చేశారు. డబ్బు చేతికందే దారులన్నీ ఒక్కొక్కటే మూసి ఒక్క దారి మిగిల్చారు. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా కంచె వేసి, ఎందుకు వేశారో చెప్పమంటున్నారు.

ఇది మాకు తెలిసిన కథే. మహద్ మునిసిపాలిటీ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీద ఉండిపోయింది, నీళ్లు మాత్రం ముట్టనివ్వలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనాన్ని వెంటబెట్టుకుని నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగితే తప్ప ఆ కాగితానికి ప్రాణం రాలేదు. మన పాసు పుస్తకం కూడా ఇవాళ అలాంటి తీర్మానం కాగితమే.

రూలు కాగితం మీదుంది, కౌంటర్లో లేదు

రూలు లేదనుకుంటే పొరపాటు. రూళ్లు ఉన్నాయి. చదివి పెట్టుకుందాం.

కేవైసీ సంగతి. తక్కువ రిస్కు ఖాతాదారుడికి 10 ఏళ్లకొకసారి, మధ్య రకానికి 8 ఏళ్లకొకసారి, ఎక్కువ రిస్కు అన్నవాళ్లకు 2 ఏళ్లకొకసారి వివరాలు కొత్తగా తీసుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. వివరాల్లో మార్పేమీ లేకపోతే మారలేదని మనం రాసిస్తే చాలు. 2025 జూన్‌లో ఇంకా స్పష్టంగా చెప్పింది. గడువుకు ముందు కనీసం 3 సార్లు తెలియజేయాలి, అందులో ఒకటి ఉత్తరమై ఉండాలి. గడువు దాటాక మరో 3 సార్లు గుర్తుచేయాలి, అందులోనూ ఒకటి ఉత్తరమై ఉండాలి. తక్కువ రిస్కు ఖాతాల్ని కనీసం 2026 జూన్ 30 దాకా నడవనివ్వాలి అని కూడా చెప్పింది. మా వాడల్లో ఎంతమందికి బ్యాంకు నుంచి ఆ ఉత్తరం వచ్చింది? పోస్టుమ్యాన్‌ని అడిగి చూడండి.

వాడని ఖాతాల సంగతి. 2 ఏళ్లు లావాదేవీ లేకపోతే ఖాతాను పనిచేయని ఖాతాగా లెక్కేస్తారు. కానీ సర్కారు పథకాల డబ్బు కోసం, స్కాలర్‌షిప్పు కోసం తెరిచిన జీరో బ్యాలెన్సు ఖాతాలకు ఆ ముద్ర వేయకూడదని 2024 జనవరి 1 నాటి ఉత్తర్వు చెప్పింది. పనిచేయని ఖాతాను మళ్లీ నడిపించడానికి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని చెప్పింది.

ఇక క్రెడిట్ కార్డు. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో, కార్డు దరఖాస్తును తిరస్కరిస్తే ముఖ్య కారణం రాతపూర్వకంగా తెలపాలని ఉంది. ఏడాదికి పైగా వాడని కార్డును మూయాలన్నా ముందు తెలియజేయాలి, 30 రోజులు ఆగాలి. మనమే కార్డు మూయమని అడిగితే 7 పనిదినాల్లో మూయాలి, లేకుంటే బ్యాంకు రోజుకు 500 రూపాయలు మనకు కట్టాలి.

మరి వాడుతూ, బిల్లు కడుతూ ఉన్న మనిషి కార్డును బ్యాంకే మూసేస్తే? అక్కడికి వచ్చేసరికి బ్యాంకు చీమతలకాయంత అక్షరాల్లో అచ్చేసిన షరతుల కాగితం బయటకు తీస్తుంది. ‘ఏ కారణమూ చూపకుండా ఎప్పుడైనా రద్దు చేసే హక్కు మాకుంది’ అని అందులో రాసుకుంటుంది. అంబుడ్స్‌మన్ దగ్గరికి పోదామంటే, బ్యాంకు వ్యాపార నిర్ణయాల మీద ఫిర్యాదు తీసుకోరాదని 2021 పథకంలోనే రాసి పెట్టారు. లోపలికి రానివ్వకపోతే కారణం చెప్పాలట, లోపలున్నవాణ్ణి మెడబట్టి గెంటితే చెప్పక్కర్లేదట! ఇది ఏ ఊరి న్యాయం?

పెద్దోడికి నోటీసు, పేదోడికి తాళం

కోట్లలో అప్పు తీసుకున్న కంపెనీల ఖాతాలకు బ్యాంకులు ‘మోసం’ అని ముద్ర వేస్తుంటే, మా మాట వినకుండా ఎలా వేస్తారని వాళ్లు కోర్టుకు పోయారు. ఈ కేసు మన తెలంగాణ హైకోర్టులోనే నడిచింది. 2020 డిసెంబరులో హైకోర్టు వాళ్ల మాట వినాల్సిందేనంది. 2023 మార్చి 27న స్టేట్ బ్యాంకు, రాజేష్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. నోటీసు ఇవ్వాలి, జవాబు చెప్పుకోనివ్వాలి, కారణాలతో ఉత్తర్వు రాయాలి అంది. 2024 జూలై 15న రిజర్వు బ్యాంకు, జవాబుకు కనీసం 21 రోజులు ఇవ్వాలని రూలు మార్చింది.

ఆ తీర్పు మంచి తీర్పే. మనిషి మాట వినకుండా శిక్ష వేయకూడదన్నది మా మాట కూడా. మేం అడిగేది ఒక్కటే. కోట్ల అప్పున్నవాడికి 21 రోజులు ఉన్నప్పుడు, అప్పే లేని కూలి మనిషికి 21 నిమిషాలైనా లేవెందుకు? గడువు తప్పకుండా కట్టిన ఉద్యోగికి ఒక్క వాక్యం లేదెందుకు? సహజ న్యాయం కూడా ఖాతాలో నిల్వ చూసే వస్తుందా?

వాళ్లు చెప్పే సాకులు

‘బ్యాంకు ఒక వ్యాపారం, ఎవరితో వ్యాపారం చేయాలో మా ఇష్టం’ అంటారు. వ్యాపారమే. కానీ కిరాణా కొట్టు కాదు. రిజర్వు బ్యాంకు లైసెన్సుతో, జనం డిపాజిట్లతో నడిచే వ్యాపారం. అది మునిగితే ఒక్కో డిపాజిటుదారుకు 5 లక్షల దాకా బీమా ఇచ్చే ఏర్పాటు ఈ దేశం చట్టంతోనే ఉన్నది. 2019-20 నుంచి 2023-24 దాకా అయిదేళ్లలో, కనీస నిల్వ లేదన్న పేరుతో సర్కారు బ్యాంకులు ఖాతాదారుల దగ్గర సుమారు 8,500 కోట్ల రూపాయలు కోశాయని 2024లో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఆ కోత కోసేటప్పుడు సిస్టం బాగానే తీసుకున్నది గదా!

‘దొంగ ఖాతాలు పెరిగాయి, మోసాలు పెరిగాయి, అనుమానం ఉంటే చెప్పకూడదు’ అంటారు. నిజంగా దర్యాప్తు నడుస్తున్న చోట కొన్ని సంగతులు బయట పెట్టకూడదని చట్టం ఉన్నది, కాదనం. పోలీసులు ఆపమన్నారంటే ఏ స్టేషనో, ఏ కేసు నంబరో చెప్పండి, మేం పోయి జవాబు చెప్పుకుంటాం. కానీ కేవైసీ పాతబడిన కూలి తల్లి ఏ దొంగల ముఠాలో ఉన్నది? ఒక దొంగ కోసం వాడ మొత్తానికి తాళం వేస్తారా?

‘ఇది కంప్యూటరు చేసిన పని, కంప్యూటరుకు కులం లేదు’ అంటారు. ఈ మాట చదువుకున్న మా వాళ్లలో కూడా కొందరు నమ్ముతున్నారు. కంప్యూటరు స్కోరు దేన్ని చూసి వేస్తుంది? గతంలో తీసుకున్న అప్పు చూసి, కట్టిన తీరు చూసి. మా తాతకు అప్పివ్వలేదు, మా నాయనకు సంతకం పెట్టలేదు. భూమి లేదు గనక తాకట్టు లేదు, తాకట్టు లేదు గనక అప్పు లేదు, అప్పు లేదు గనక ‘చరిత్ర’ లేదు. చరిత్ర లేకుండా చేసినవాళ్లే ఇవాళ చరిత్ర ఏదని అడుగుతున్నారు. కంప్యూటరుకు కులం లేకపోవచ్చు, దానికి మేతగా వేసిన లెక్కల్లో ఉంది.

కారణం దాగిన చోటే కులం దాగుతుంది

‘ప్రతిదానికీ కులం అంటారేంది, అందరి ఖాతాలూ ఆగుతున్నాయి గదా’ అని అడిగేవాళ్లు ఉంటారు. నిజమే, అందరివీ ఆగుతున్నాయి. కానీ ఊళ్లో పెద్ద రైతు ఖాతా ఆగితే మేనేజరు కుర్చీ వేసి కూర్చోబెట్టి మధ్యాహ్నానికి తెరుస్తాడు. మా ఖాతా ఆగితే మేం వరండాలో నిలబడాలి. ఒకే తాళం, తాళంచెవి మాత్రం మనిషిని బట్టి తిరుగుతున్నది.

మా ఖాతాలన్నీ కులం చూసే మూశారని మేం అనడం లేదు. కారణం చూపించండి, కులమో కాదో అప్పుడు తేలుతుంది అంటున్నాం. కారణం కాగితం మీదుంటే దాన్ని ప్రశ్నించొచ్చు, తప్పయితే దిద్దించొచ్చు, కోర్టు ముందు పెట్టొచ్చు. కారణం మేనేజరు మనసులో ఉంటే ఏం చేయగలం? ఖాతాదారుని కులాన్ని బట్టి వివక్ష చూపకూడదని రిజర్వు బ్యాంకు 2014లో ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలోనే ఉంది. కారణమే చెప్పకపోతే వివక్ష జరిగిందని ఎవరు రుజువు చేయాలి, ఎట్లా చేయాలి? అందుకే ఈ మౌనం వాళ్లకు అంత ముద్దు.

రూపాయి సమస్య మీద 1923లో పుస్తకం రాసినవాడు, 1925లో కరెన్సీ కమిషను ముందు కూర్చుని వాదించినవాడు మన బాబాసాహెబ్. డబ్బు సంగతి మనకు తెలియని సంగతి అనుకోకండి.

ఏం చేద్దాం?

కౌంటరు ముందు ‘సార్, దయచేసి’ అనడం ఆపుదాం. నోటిమాట వద్దు, కాగితం పెడదాం. ‘నా ఖాతా ఏ తేదీన, ఏ కారణంతో ఆపారు, ఏ నోటీసు పంపారు’ అని మూడు ముక్కలు తెలుగులో రాసివ్వండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. జెరాక్సు ఇచ్చినా రసీదు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వ్యాపార నిర్ణయమని తోసేయకుండా, నోటీసు ఇవ్వలేదు, రూలు ప్రకారం నడవలేదు అని ఫిర్యాదులో పట్టి రాయండి. సర్కారు బ్యాంకయితే 2005 సమాచార హక్కు చట్టం కింద మీ ఖాతా ఫైలు నకలు అడగండి. కార్డు పోగొట్టుకున్న పిల్లలు ఏడాదికొకసారి ఉచితంగా ఇచ్చే సిబిల్ నివేదిక తెప్పించుకుని తప్పులుంటే దిద్దించండి.

ఒక్కరుగా పోతే ‘వచ్చే వారం రా’ అంటారు. వాడలో ఆగిన ఖాతాలన్నీ ఒక పుస్తకంలో రాసి, ఇరవై ముప్పై మంది ఒకేరోజు పోండి. కార్యకర్తలు ఈ పని ముందుపెట్టుకోవాలి. రిజర్వేషనుతో బ్యాంకుల్లో కుర్చీ ఎక్కిన మా అన్నలకూ అక్కలకూ ఒక మాట. ఆ కుర్చీ వెనక ఎంతమంది నడిచిన కాళ్లున్నాయో మీకు తెలుసు. మా అమ్మ కౌంటరు ముందు నిలబడ్డప్పుడు సిస్టం చాటుకు పోకండి. కారణం రాసివ్వండి.

మా డిమాండ్లు నాలుగే. కారణం రాయకుండా ఏ ఖాతానూ, ఏ కార్డునూ మూయకూడదు. మూసే ముందు తెలుగులో నోటీసు ఇవ్వాలి, పెద్దోళ్లకిచ్చిన 21 రోజులు మాకూ ఇవ్వాలి. కేవైసీ పేరుతో కూలి డబ్బులు ఒక్కరోజు కూడా ఆపకూడదు. బ్యాంకు తప్పు వల్ల పోయిన కూలి రోజులకు బ్యాంకే కూలి కట్టాలి.

అప్పు మాఫీ అడగడం లేదు, దానం అడగడం లేదు. మా డబ్బుకు తాళం వేసినవాణ్ణి కారణం అడుగుతున్నాం. చెప్పేదాకా అడుగుతాం. జై భీం!