పట్టేవాడి పేరూ రాయండి

సంక్రాంతికి దేవరకొండ దిక్కు ఏ ఊరి కబడ్డీ టోర్నమెంటుకు పోయినా బల్ల మీద పెద్ద కప్పు బెస్ట్ రైడర్‌దే. బెస్ట్ డిఫెండర్‌కు చిన్నది. దాత దొరక్కపోతే అదీ ఉండదు. నేను పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఆడిన రోజుల్లో కవర్‌లో నిలబడేవాణ్ణి. పక్షపాతం అంటారా, అనుకోండి.

కూతకొచ్చినవాడి మడమను అంచున నిలబడ్డ కార్నర్ అందుకోగానే జనం ఈలలు వేస్తారు. కానీ మడమ దొరికినంత మాత్రాన మంచి రైడర్ ఆగడు, గీత మీదికి దూకుతాడు. అప్పుడు వాడి దారికి అడ్డంగా ఛాతీ పెట్టేవాడు కవర్. అర అడుగు ఆలస్యమైతే రైడర్ వేలు గీతకు తగులుతుంది, వాణ్ణి పట్టుకున్నవాళ్లంతా ఔట్. తొందరపడి ముందే కదిలితే తానే దొరికిపోతాడు. ఇంత లెక్క కట్టి ఆపినా, మైకు పట్టుకున్న పెద్దమనిషి కార్నర్ పేరే అరుస్తాడు. నేను చూసినంతలో మోకాలి చిప్ప కదిలేది మాత్రం ఎక్కువగా కవర్‌దే, అందులోనూ మా ఎర్రమట్టి కోర్టుల్లో.

అమెరికా ఫుట్‌బాల్‌లో ఇలాంటివాళ్లు ఐదుగురుంటారు. అఫెన్సివ్ లైన్‌మెన్ అంటారు. బంతితో పరుగు తీయరు. వెనక నిలబడి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరినీ రానీయకపోవడమే వాళ్ల కొలువు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో జో థామస్ 2007 నుంచి 2017 దాకా వరసగా 10,363 స్నాప్‌లు ఆడాడు. అంటే తన జట్టు చేతికి బంతి వచ్చిన ప్రతిసారీ అక్కడే ఉన్నాడు, చేతి వెనక కండరం తెగేదాకా. జట్టు చూస్తే 2016లో పదహారు మ్యాచుల్లో ఒక్కటే గెలిచింది. అయినా 2023లో అతణ్ణి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. పాయింటు తేనివాడి పనిని కూడా ఎవరో కూర్చుని రాసిపెట్టారు కాబట్టే ఆ అంకె నల్లగొండలో ఉన్న నాదాకా వచ్చింది.

ప్రో కబడ్డీ వచ్చాక మనదగ్గరా కొంత మారింది. ముగ్గురో, అంతకన్నా తక్కువమందో మిగిలి రైడర్‌ను పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. బాగుంది. కానీ 2018 వేలంలో కోటి అందుకున్న ఆరుగురిలో అచ్చంగా పట్టేవాడు ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలి ఒక్కడే. అదే వేలంలో మన తెలుగు టైటాన్స్ రైడర్ రాహుల్ చౌదరికి 1.29 కోట్లు పెట్టింది.

వేలం సంగతి మన చేతిలో లేదు, ఊరి ఆట ఉంది. ఆట మీద మోజుకు మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో కొదవ లేదు. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ పోటీల ప్రారంభం నాడు కిక్కిరిసిన గ్యాలరీ కూలి వందమంది దాకా దెబ్బలు తగిలించుకున్నారు. అంతమంది చూసే ఆటలో సెలెక్షన్లు ఎట్లా జరుగుతాయి? తలా రెండు కూతలు పెట్టించి పంపేస్తారు. కవర్ ఆడే పిల్లగాడు తన పని చూపించకుండానే బస్సెక్కుతాడు. ఏడుగురేసి రెండు జట్లు చేసి పది నిమిషాలు ఆడించండి, ఎవరేమిటో తెలుస్తుంది.

నల్లగొండ, పాలమూరు టోర్నమెంటు కమిటీలను అడిగేది మరొకటుంది. స్కోరు షీటులో ఇంకో గడి గీయండి: ముందు ఎవరు పట్టారు, తోడు ఎవరు పడ్డారు. కప్పులు రెండూ ఒకే సైజులో కొనండి. ఇదంతా రాసేందుకు మనిషి లేడంటారా, నాలాంటి రిటైరైన పీఈటీలు ప్రతి మండలంలో ఉన్నారు. కబురు పెట్టండి, వచ్చి కూర్చుంటాం.