ఆ బార్లీ నీళ్లు మీరే తాగండి

పొద్దున్నే పరగడుపున కలబంద రసం, పదకొండింటికి జీలకర్ర నీళ్లు, రాత్రి పసుపు పాలు. నలభై రోజులు ఇలా చేస్తే సీలియాక్ మాయమవుతుందట, ఆ తర్వాత చపాతీలు కూడా హాయిగా తినొచ్చట! మా చెల్లెలి కూతురికి ఈ జబ్బని తేలినప్పటి నుంచి బంధువుల నోట ఇలాంటివి వినీ వినీ విసుగొచ్చింది. చిట్కాలంటే నాకు చులకన లేదు. జలుబుకి మిరియాల కషాయం, అజీర్తికి వాము మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తాయి. కానీ ఇది అజీర్తి కాదు కదా!

గోధుమల్లో, బార్లీలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లు అది తింటే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే తిరగబడి చిన్నపేగు లోపలి పొరను పాడుచేస్తుంది. ఇంక తిన్నది ఒంటికి పట్టదు. ఆ పిల్లకి ఐరన్ మాత్రలు ఎన్ని మింగించినా రక్తం పట్టలేదు, ఎత్తు పెరగలేదు. "తల్లి సరిగ్గా పెట్టట్లేదు" అని మాత్రం అందరూ తీర్పు చెప్పేశారు. పాపం, రోజూ నెయ్యి రాసి రెండు చపాతీలు పెట్టిన తల్లి అది.

ఈ జబ్బుకి వైద్యం ఏదో తినడంలో లేదు, మానడంలో ఉంది. జీవితాంతం మానడంలో. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో రొట్టె కరువైంది. జనం ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే వాళ్లకి జబ్బూ తిరగబెట్టింది. గోధుమ మీద ముందునుంచే అనుమానమున్న విల్లెమ్ డికె అనే పిల్లల డాక్టరు 1950లో దీనిమీదే పరిశోధన గ్రంథం రాశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా అసలు వైద్యం అదే.

పైగా ఈ చిట్కాల్లో కొన్ని నేరుగా హాని చేసేవే. చలవ చేస్తుందని బార్లీ నీళ్లు పట్టమన్నారొకరు. బార్లీలో ఉన్నదీ గ్లూటెనే కదమ్మా! పాతకాలపు ఖప్లీ గోధుమలైతే ఏం కాదన్నారు ఇంకొకరు. పాతదైనా కొత్తదైనా గోధుమ గోధుమే. పేగు దెబ్బతిని ఉన్న తొలిరోజుల్లో కొందరికి పాలే అరగవు, ఇంక పసుపు పాల మాట దేనికి?

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది "కొంచెం తింటే ఏమవుతుంది" అన్న మాటకి. మన దేశంలో గ్లూటెన్ లేదని అచ్చేసి అమ్మాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అంత సూక్ష్మం. అందుకే చెల్లెలు చపాతీ పీట, పెనం, జల్లెడ అన్నీ వేరు చేసింది. గోధుమలాడిన మరలో జొన్నలు పట్టించడం మానేసి, కడిగి ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో వేస్తోంది. ఇంగువ డబ్బా వెనక చదివితే మైదా! సాంబార్లోకి ఎవరు అనుకుంటారు? అయినా మనం అన్నం తినేవాళ్లం కాబట్టి సగం బాధ తప్పింది. ఇడ్లీ, పెసరట్టు, రాగి సంకటి, జొన్నరొట్టె, పప్పు, కూర, పెరుగు... ఆ పిల్లకి లోటేముంది?

మీ ఇంట్లో ఎవరికైనా అనుమానముంటే ఒక్క మాట. పరీక్షకి ముందే గోధుమ మాన్పించకండి. మానేస్తే రక్తపరీక్షలోనూ, పేగు ముక్క తీసి చూసే పరీక్షలోనూ జబ్బు బయటపడకపోవచ్చు. ముందు డాక్టరు, తర్వాత వంటిల్లు.

"దేవుడి ప్రసాదం, కళ్లకద్దుకుని తింటే ఏం చేస్తుంది?" అని సత్యనారాయణ వ్రతంలో గోధుమరవ్వ ప్రసాదం పిల్ల చేతిలో పెట్టబోయారు మొన్న. అందుకని ఈ కార్తీకంలో మా ఇంట్లో వ్రతానికి బియ్యపురవ్వతో చేస్తున్నాం. పంతులుగారు ఏమీ అనలేదు. మా చిన్నత్తగారే ఇంకా నాతో మాట్లాడటం లేదు.